మా జిలేబీ మోసిన దోషం

మా అమ్మాయి ఆరో పుట్టినరోజుకి మావారు ఓ గుండ్రటి గాజు గిన్నె, అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు పట్టుకొచ్చారు. జత ఎనభై రూపాయలట. గిన్నె అడుగున రంగురంగుల గులకరాళ్లు, మధ్యలో ఓ ప్లాస్టిక్ మొక్క, పక్కన చిన్న ప్యాకెట్లో ఎర్రటి గింజల్లాంటి మేత. కేక్ సంగతి మర్చిపోయి పిల్లలంతా దాని చుట్టూ చేరారు. పూర్తిగా నారింజరంగులో ఉన్నదానికి లడ్డూ అని, తోక మీద తెల్లమచ్చ ఉన్నదానికి జిలేబీ అని పేర్లు పెట్టేశారు. ‘చేపల పేర్లా, పెళ్లిలో స్వీట్ల లిస్టా’ అని అందరం నవ్వుకున్నాం.

తొమ్మిదో రోజు పొద్దున్నే లడ్డూ వెల్లకిలా తేలింది.

పిల్ల ఇంకా నిద్ర లేవలేదు. ఏం చెయ్యాలో తోచలేదు నాకు. గబగబా దాన్ని తీసి కుండీలో పాతిపెట్టి, గిన్నె మీద తువ్వాలు కప్పి, ‘చేపలు నిద్రపోతున్నాయమ్మా’ అని అబద్ధం చెప్పి స్కూలుకి పంపేశాను. పదకొండు గంటలకల్లా షాపుకెళ్లి అచ్చం అలాంటిదే ఇంకో చేపను ప్లాస్టిక్ కవర్లో తెచ్చాను. సాయంత్రం పిల్ల గిన్నె దగ్గరకెళ్లి ‘లడ్డూ’ అని పిలిచింది. కొత్త లడ్డూ మూతి పైకెత్తింది. అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

మీరు నవ్వుతారేమోగానీ, ఆ ఏడాదిలో ఆ గండాన్ని నేను ఆరుసార్లు గట్టెక్కాను. లడ్డూలు అయిదు మారాయి. ఒక జిలేబీ పోయింది. షాపతనికి నా మొహం గుర్తుండిపోయింది. ‘మళ్లీనా మేడమ్! గోల్డ్ ఫిష్ అంతేనండీ, మూణ్నెల్లుంటే గొప్ప’ అనేవాడు. అదే నిజమనుకున్నాను. పువ్వులు వాడిపోయినట్టు ఇవీ పోతాయి కాబోలు, వీటి ఆయుష్షే ఇంత కాబోలు అని సరిపెట్టుకున్నాను.

నేను చేయని సేవంటూ లేదు మరి. ప్రతి ఆదివారం చేపల్ని మగ్గులోకి తీసి, గిన్నె ఖాళీచేసి, గులకరాళ్లతో సహా గిన్నెలు తోమే సబ్బుతో తళతళలాడేలా తోమేదాన్ని. కొళాయి నీళ్లు నిండా పట్టి చేపల్ని మళ్లీ వదిలేదాన్ని. (చేపలు పిల్ల సరదా, వాటిని తేవడం వాళ్ల నాన్న ముచ్చట. కడిగేది మాత్రం ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా!) ఇంట్లో ఎవరు అటు వెళ్లినా నాలుగు గింజలు వేసేవాళ్లు. పాపం, ఎప్పుడు చూసినా మూతి తెరుచుకుని ఆకలిగానే కనిపించేవి మరి.

దోషం పోయిందిలే...

జిలేబీ చాలాకాలం తట్టుకుంది. దాదాపు పది నెలలు. ఓ బుధవారం మధ్యాహ్నం అదీ పోయింది. ఆ రోజు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అత్తయ్యగారు నన్ను ఓదార్చారు. ‘బాధపడకమ్మా. చేప చనిపోయిందంటే ఇంటికి రావలసిన కీడేదో అది తన మీద వేసుకుని పోయిందన్నమాట. మంచిదేలే’ అన్నారు. పక్కింటావిడ కూడా అదే మాటంది. వాళ్లింట్లో వాస్తు కోసం ఎనిమిది ఎర్ర చేపలు, ఒక నల్ల చేప పెట్టారు. నల్లది పోయినప్పుడల్లా ‘దిష్టి తీసుకుపోయింది వదినా’ అని ఇంకో నల్లది తెస్తుందావిడ.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాక్కూడా హాయిగానే అనిపించింది. తప్పు నాది కాదన్నమాట! కన్నీళ్లు తుడుచుకుని షాపుకెళ్లాను. తోక మీద తెల్లమచ్చ ఉన్న చేప దొరకలేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి గిన్నెలో వేశాను.

సాయంత్రం పిల్ల గిన్నె ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి, ‘అమ్మా, జిలేబీ తోక మీద మచ్చ ఏదీ?’ అంది.

చెరిగిపోయిందేమోనన్నాను. నా మొహం చూసింది. ‘లడ్డూ కూడా మారింది కదూ! నాకు తెలుసు. మొన్నటి లడ్డూ చిన్నది’ అంది. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. వాళ్ల నానమ్మ పక్కనుంచి అందుకుని దోషం సంగతి చెప్పారు. పిల్ల కాసేపు ఆలోచించి, ‘మన దోషం అదెందుకు తీసుకోవాలి? మనమే కదా దాన్ని తెచ్చుకున్నాం’ అంది. మా ముగ్గురిలో ఎవ్వరి దగ్గరా జవాబు లేదు. ఆ రాత్రి నా పక్కన పడుకోకుండా వెళ్లి నానమ్మ దగ్గర పడుకుంది. చేప పోయిందని కాదు, నేను అబద్ధమాడానని.

బాబాయి చేతిలో పసుపు చుక్కలు

ఆ తర్వాత పది రోజులకు మా బాబాయి ఏదో పెళ్లికి హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో దిగాడు. ఆయనది ఆకివీడు దగ్గర పల్లెటూరు. ముప్ఫై ఏళ్లుగా చేపల చెరువులు చేస్తున్నాడు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చి, గాజు గిన్నె ముందు ఆగిపోయాడు.

‘ఏంటమ్మాయ్ ఇది, చేపలు తేలుతున్నాయి!’

‘మేత కోసం బాబాయ్. నన్ను చూస్తే చాలు, అలాగే పైకొచ్చి మూతులు తెరుస్తాయి.’

‘మేత కోసమా నా మొహమా! ఊపిరాడక. తెల్లారగట్ల చెరువులో చేప ఇలా పైకొచ్చి గాలి మింగుతోందంటే మేం లుంగీ ఎగ్గట్టుకుని పరిగెడతాం, ఏరేటర్లు వెయ్యడానికి. నువ్వేమో ముద్దుగా చూస్తున్నావా?’

నాకు రోషం వచ్చింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడమన్నాను. అద్దంలా మెరుస్తున్నాయి. అడుగున గులకరాయి మీద గీత కూడా కనిపిస్తోంది. బాబాయి ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం బజారుకెళ్లి ఓ చిన్న అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఓ గాజు గొట్టం, రెండు చుక్కల మందు సీసాలు, రంగుల చార్టు. ఆ రోజు శనివారం. అంటే నేను నీళ్లు మార్చి ఆరు రోజులైంది. గొట్టంలో గిన్నెలోని నీళ్లు పోసి చుక్కలు వేశాడు. ‘అమ్మోనియా లేకపోతే పసుపుగా ఉంటుంది చూడు’ అని పిల్ల చేతికిచ్చాడు. అయిదు నిమిషాలకు అది గోరింటాకు ముద్ద రంగుకి తిరిగింది.

‘ఇదే మా చెరువైతే ఈపాటికి నాకు గుండె ఆగిపోను’ అన్నాడు బాబాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన చెప్పింది వింటుంటే నాకు అన్నం దిగలేదు. మనం పప్పు తిన్నా, మాంసం తిన్నా అందులోని మాంసకృత్తుల నుంచి మిగిలే చెడుని మన కాలేయం యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. చేప అంత శ్రమ పడదు. అమ్మోనియాను అమ్మోనియాగానే నీళ్లలోకి వదిలేస్తుంది. అదీ చాలావరకు మొప్పల్లోంచే. నదిలోనో, పెద్ద చెరువులోనో అయితే అది చెదిరిపోతుంది. అయిదు లీటర్ల గిన్నెలో ఎక్కడికి పోతుంది? ఊపిరి తీసుకునే మొప్పల్నే కాలుస్తుంది. రంగుండదు, కంటికి కనబడదు. మనకి తేట నీళ్లే... చేపకి మాత్రం మరుగుదొడ్డి!

‘మరి ప్రతి వారం సబ్బు పెట్టి తోముతున్నాను కదా బాబాయ్’ అన్నాను.

‘అదే నువ్వు చేసిన అసలు తప్పు’ అన్నాడు.

కడుపు లేని చేప

బాబాయి చెప్పింది విన్నాక నాకు పట్టుదల వచ్చింది. దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివేకొద్దీ, ఇన్నాళ్లూ బొమ్మలా చూసిన ఈ చేప మీద గౌరవం పెరిగింది.

గోల్డ్ ఫిష్ మనకేమీ పరాయిది కాదు. కార్పు జాతిది. మన గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి ఉన్నాయే, వాటి కుటుంబమే. అసలు రంగు బంగారం కాదు, బురద రంగు. పిల్లలుగా ఉన్నప్పుడు ఇప్పటికీ నల్లగా, కంచు రంగులోనే ఉండి, కొన్ని నెలలకు ఆ నలుపు విడిచి నారింజరంగు తేలుతుంది. చైనాలో వెయ్యేళ్ల కిందట చెరువుల్లో ఎక్కడో ఒకటి ఎర్రగా పుడితే దాన్ని వేరుగా పెంచి, అలాంటివాటినే జతకట్టించి తయారుచేసిన చేప ఇది. నెత్తిన బొడిపెల కిరీటం ఉన్న ఒరాండా, గుడ్లు బయటికొచ్చిన బ్లాక్ మూర్, వీపు మీద రెక్కే లేని రాంచు... ఇవన్నీ వేరువేరు జాతులు కావు. మనుషులు తమ ముచ్చట కోసం మలిచిన రూపాలు. ఆ ముచ్చటకి మూల్యం చెల్లించేది కూడా చేపలే. ఒళ్లు గుండ్రంగా కుదించడం వల్ల లోపలి గాలితిత్తి ఇరుకై, అలాంటివి తరచూ బోల్తాపడి తేలుతుంటాయి.

దీనికి కడుపు లేదు! నిజంగానే. గొంతు నుంచి ఆహారం నేరుగా పేగులోకే పోతుంది. మనలా ఒకపూట తిని దాచుకునే సంచి లేదు కాబట్టి రోజంతా కొంచెం కొంచెంగా ఏరుకు తినేలా పుట్టింది. ఎప్పుడు చూసినా ఆకలిగా కనిపించేది అందుకే. మనం జాలిపడి వేసే మేతలో సగం అరక్కుండా బయటికొస్తుంది. మిగతాది గులకరాళ్ల సందుల్లో కుళ్లుతుంది. రెండూ మళ్లీ అమ్మోనియానే. పళ్లు కూడా నోట్లో ఉండవు, గొంతులో ఉంటాయి. కనురెప్పలుండవు కాబట్టి కళ్లు తెరిచే నిద్రపోతుంది. రాత్రి లైటు ఆపకపోతే దానికి రాత్రే లేదన్నమాట. మా హాల్లో రాత్రి పదకొండు దాకా టీవీ, ఆ పైన పడకబల్బు!

మనం మూడు మూల రంగులతో చూస్తే ఇది నాలుగింటితో చూస్తుంది. మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతి కూడా దీనికి కనిపిస్తుంది. గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఉండి, నీళ్లలో చిన్న చప్పుడు కూడా బాగా వినిపిస్తుంది. పిల్లలు గాజు మీద టకటకా కొట్టడం మనకి ఆట... దానికి నెత్తిమీద డప్పు.

దీని జ్ఞాపకశక్తి మూడు సెకన్లేనని ఎవరు పుట్టించారోగానీ అది శుద్ధ అబద్ధం. నేర్పిన పనిని నెలల తరబడి గుర్తుపెట్టుకుంటుంది. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వాళ్లయితే దీనికి డ్రైవింగే నేర్పారు! 2022లో ప్రచురించిన ఆ ప్రయోగంలో చక్రాల బండి మీద నీళ్లతొట్టి పెట్టి, చేప ఎటు ఈదితే బండి అటు వెళ్లేలా అమర్చారు. ఆరు గోల్డ్ ఫిష్‌లు గదిలో గుర్తుపెట్టిన చోటికి బండి నడుపుకుంటూ వెళ్లి మేత సంపాదించుకున్నాయి. మావారు కారు నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పట్టిందో ఇక్కడ చెప్పను.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఇంకొకటి. చలి దేశాల్లో చలికాలం చెరువు మీద మంచు గడ్డకట్టేసి నీళ్లలో ప్రాణవాయువు అడుగంటిపోయినా ఈ చేప చావదు. ప్రాణవాయువు లేనప్పుడు ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి, మొప్పల్లోంచి బయటికి పంపేసుకుంటూ రోజుల తరబడి బతుకుతుంది. ఆ పని చేసే ఎంజైము సంగతి నార్వే, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు 2017లో బయటపెట్టారు. మంచు కింద గాలి లేకుండా బతికే మొండి ప్రాణాన్ని నేను తొమ్మిది రోజుల్లో చంపాను.

మూణ్నెల్లుంటే గొప్ప అన్నాడు కదా షాపతను... ఇంగ్లండ్‌లో 1956లో ఒక జాతరలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్ ఫిష్ 1999లో చనిపోయింది. 43 ఏళ్లు! అంత కాకపోయినా, సరిగ్గా చూసుకుంటే పది, పదిహేనేళ్లు బతకడం మామూలే.

అసలు ఈ గుండ్రటి గిన్నెలో చేపని పెట్టాలన్న ఆలోచన ఎవరిదోగానీ... పుట్టింటివాళ్లు చైనావాళ్లు దీన్ని చెరువుల్లో, పెద్ద పింగాణీ తొట్లలో పెంచి పైనుంచి చూసి ముచ్చటపడేవారు. గాజులోంచి పక్కనుంచి చూడటం తర్వాత వచ్చిన ఫ్యాషన్. సినిమాల్లో, క్యాలెండర్లలో, పిల్లల పుస్తకాల్లో బొమ్మ చూసీ చూసీ, గోల్డ్ ఫిష్ అంటే గిన్నె అనే స్థిరపడిపోయింది మన మనసులో. ఇటలీలో మోంజా పట్టణం 2004లో, రోము నగరం 2005లో ఇలాంటి గిన్నెల్లో చేపల్ని పెట్టడాన్నే నిషేధించాయి. గిన్నె ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుందని మనవాళ్లంటారు. అదీ పొరపాటే. పెరగలేక గిడసబారిపోతుంది, అంతే. తోక పొడుగ్గా, ఒకటే ఉండే మామూలు రకమైతే చెరువులో ముప్ఫై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అంటే అడుగు స్కేలంత.

నీళ్లకి తోడు

బాబాయి వెళ్లేముందు నాకో పని అప్పగించాడు. ‘చేపల్ని తర్వాత పెంచుదువుగానీ, ముందు నీళ్లని పెంచు’ అన్నాడు.

నీళ్లని పెంచడమేమిటంటారా? అమ్మోనియాని తిని బతికే సూక్ష్మజీవులున్నాయి. ఒక రకం అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే, చేప రక్తం ప్రాణవాయువుని మోయకుండా చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తాయి. అది కొద్దిగా ఉంటే చేపకి నష్టం లేదు. ఈ సూక్ష్మజీవులు నీళ్లలో కంటే ఎక్కువగా ఫిల్టరు స్పాంజిని, గులకరాళ్లని, గాజుకి పట్టే సన్నటి జిగురుని ఆనుకుని ఉంటాయి. ఆ జిగురునే నేను ప్రతి ఆదివారం సబ్బు పెట్టి తోమేశాను! మిగిలినవాటిని కొళాయి నీళ్లలోని క్లోరిన్ చంపేసింది. అంటే ప్రతి ఆదివారం సాయంత్రం నా చేపలు కొత్త కాపురం మొదటినుంచి మొదలుపెట్టేవన్నమాట.

ఈసారి మావారిని ఒప్పించి ట్యాంకు కొన్నాం. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. దాదాపు 125 లీటర్లు పడతాయి. ట్యాంకు, ఇనుప స్టాండు, ఎయిర్ పంపు, స్పాంజి ఫిల్టరు కలిపి చేపల ఖరీదుకి యాభై రెట్లయింది. (స్టాండు గట్టిది తీసుకోండి. లీటరు నీళ్లంటే కిలో. టీపాయ్ మీద పెడితే టీపాయ్ ఉండదు.) నీళ్లు నింపి, ఫిల్టరు ఆన్ చేసి, చేపలు లేకుండా రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తూ వచ్చాను. అది కుళ్లి అమ్మోనియా పుడితే, దాన్ని తినే సూక్ష్మజీవులు చేరతాయి. మామూలుగా దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ‘ఖాళీ ట్యాంకుకి నైవేద్యం పెడుతోంది మా కోడలు’ అని అత్తయ్యగారు వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

మా వీధిలోనే ఒకరింట్లో ఏళ్లనాటి అక్వేరియం ఉంది. వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మా ట్యాంకులో వేశాను. అది చూశాక అత్తయ్యగారికి ఠక్కున అర్థమైంది. ‘ఓహో, తోడు పెడుతున్నావా! అలా చెప్పచ్చుగా’ అన్నారు. అచ్చం అదే. పాలల్లో పెరుగుచుక్క వేసినట్టే. నేను పేజీలకు పేజీలు చదివి తెలుసుకున్నది ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు.

ఆ నెలరోజులూ లడ్డూని, కొత్త జిలేబీని పెద్ద బట్టల టబ్బులో ఉంచి, రోజూ సగం నీళ్లు మార్చాం. నీళ్లు ముందురోజే బకెట్లో పట్టి ఉంచేవాళ్లం, క్లోరిన్ పోవడానికి. అయినా లడ్డూ దక్కలేదు. మొప్పలు అప్పటికే పాడైపోయాయి కాబోలు, పన్నెండో రోజు పోయింది. ఈసారి పిల్లని నిద్రలేపి చెప్పాను. ఇద్దరం కలిసి కుండీలో పాతిపెట్టాం. ఏడవలేదు. ‘ఇంకోటి తెచ్చి లడ్డూ అని పేరు పెట్టకు’ అంది. అయిదో వారం గొట్టంలో చుక్కలు వేస్తే పసుపుగానే నిలిచింది. ఆ రోజు జిలేబీని ట్యాంకులో వదిలాం. మొదట ఓ మూల నక్కి కూర్చుంది. సాయంత్రానికి ఆ చివరనుంచి ఈ చివరకి తిన్నగా ఈదింది. గిన్నెలో గిరగిరా తిరగడమే చూశాం గానీ, చేప తిన్నగా ఈదడం అదే మొదటిసారి చూశాం.

పక్కింటివాళ్లకి ప్యాకెట్ ఇవ్వకండి

ఇది చదివి మీరూ చేప తెచ్చుకోవాలనుకుంటే, లేదా ఇప్పటికే తెచ్చుకుని ఉంటే, నేను దెబ్బతిని నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి, అంతే కొత్త నీళ్లు పోయండి. మొత్తం ఎప్పుడూ మార్చొద్దు. కొళాయి నీళ్లయితే ముందురోజే పట్టి ఉంచండి, లేదా షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయండి. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. సబ్బు దగ్గరికి రానివ్వకండి. చాలామంది ప్రేమకొద్దీ వంటింటి ప్యూరిఫైయర్ నీళ్లు పోస్తారు. వద్దు. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపుగా ఉండవు, చేపకి అవి కావాలి. బోరు నీళ్లు కాస్త కఠినంగా ఉన్నా ఇది తట్టుకుంటుంది. కానీ క్షారం ఎక్కువున్న నీళ్లలో, అందులోనూ వేడెక్కితే, అదే అమ్మోనియా ఇంకా ఘాటైన విషమవుతుంది.

మేత రోజుకి రెండుసార్లు చాలు, రెండు నిమిషాల్లో తినేసేంత. వారంలో ఒకరోజు పస్తు ఉంచినా మంచిదే (అత్తయ్యగారి శనివారంతో పాటు మా జిలేబీకీ ఉపవాసమే). పచ్చిబఠాణీ ఉడికించి, పొట్టు తీసి, చిదిమి పెడితే ఇష్టంగా తింటుంది. సంక్రాంతికి ఊరెళ్తూ పక్కింటివాళ్లకి మేత ప్యాకెట్ అప్పగించి వెళ్లకండి. పెద్ద చేప నాలుగైదు రోజులు తిండి లేకపోయినా ఉంటుంది. పక్కింటివాళ్ల అభిమానాన్ని మాత్రం తట్టుకోలేదు.

అన్నిటికంటే కష్టం మన ఎండాకాలం. ఇది చల్లటి నీళ్ల చేప. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. చేపకేమో వేడికి ఇంకా ఎక్కువ కావాలి. ట్యాంకుని కిటికీ ఎండకి దూరంగా పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మేత తగ్గించండి. ఫ్యాను గాలి నీటి మీదుగా పోయేలా చూడండి. కరెంటు పోయి పంపు ఆగిపోతే మగ్గుతో నీళ్లు ముంచి, ఎత్తునుంచి ట్యాంకులోకే పోస్తూ ఉండండి, టీ చల్లార్చినట్టు. మొన్న మే నెలలో మూడు గంటలు కరెంటు లేకపోతే మా అమ్మాయీ నేనూ వంతులవారీగా అదే పని చేశాం.

ఒకసారి మాత్రం భయపడి చచ్చాను. జిలేబీ మొప్పల మీద తెల్లటి చుక్కలు! షాపతను మందు సీసా చేతిలో పెట్టాడు. పొయ్యబోయే ముందు బాబాయికి ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేసి ఒకటే నవ్వు. ‘జబ్బూ కాదు గిబ్బూ కాదు. మీ జిలేబీ ఆడపిల్ల కాదమ్మాయ్, మగపిల్లాడు. ఈడొచ్చింది వాడికి’ అన్నాడు. మగ గోల్డ్ ఫిష్‌కి జతకట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచు మీద ఇలా తెల్లటి పొక్కులు వస్తాయట. ఒళ్లంతా, తోకంతా రవ్వ చల్లినట్టుంటే మాత్రం అది జబ్బు, మందు వేయాల్సిందే. మూడేళ్లు అమ్మాయి అనుకుని పెంచాం, పేరు మాత్రం మార్చలేదు.

ఇంకొక్క మాట. చేప పెద్దదయిందనో, విసుగొచ్చిందనో చెరువులో వదిలేస్తే పుణ్యమనుకుంటారు కొందరు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని బర్న్స్‌విల్ పట్టణంలో ఇలాగే ఎవరెవరో వదిలేసిన గోల్డ్ ఫిష్‌లు ఒక చెరువులో బాగా పెద్దవిగా పెరిగి, అడుగు తవ్వి నీళ్లన్నీ బురద చేస్తుంటే, దయచేసి చెరువుల్లో వదలొద్దని ఆ నగరపాలకులు 2021లో జనాన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. మీ వల్ల కాకపోతే ట్యాంకున్న ఇంకెవరికైనా ఇచ్చేయండి.

పక్కింటావిడకి కూడా నా చుక్కల సీసాతో ఓసారి పరీక్ష చేసి చూపించాను. ఆకుపచ్చ చూసి కాస్త కంగారుపడింది. వాస్తు మాట వదల్లేదుగానీ, ట్యాంకు సైజు పెంచింది, చేపల్ని తొమ్మిది నుంచి మూడుకి తగ్గించింది. నల్లది ఏడాదిన్నరగా బతికే ఉంది. ‘ఇంట్లో దోషాలు తగ్గాయి వదినా’ అంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను.

జిలేబీకి నాలుగో ఏడు నడుస్తోంది. ఇప్పుడు నా అరచేతికంటే పొడుగున్నాడు. పిల్ల స్కూలునుంచి రాగానే గేటు చప్పుడుకే గాజు దగ్గరికొచ్చి నిలబడతాడు. ఆదివారం నీళ్లు మార్చే పని ఇప్పుడు పూర్తిగా వాళ్ల నాన్నది, పిల్లది. తీసిన నీళ్లు పారబొయ్యం. అందులో నైట్రేటు ఉంటుంది, మొక్కలకి మంచి ఎరువు. అత్తయ్యగారి కనకాంబరాలు ఈసారి విరగబూశాయి. ఆదివారం ఎనిమిదయ్యేసరికి బాల్కనీలోంచి ఆవిడ కేక వినిపిస్తుంది... ‘చేప నీళ్ల బకెట్ ఇంకా రాలేదేమర్రా?’